విదేశం నుంచి ఎయిర్‌లైన్ సైట్ తెరుచుకోకపోతే ఏం చేయాలి

ఎయిర్‌లైన్ సైట్ ఓపెన్ కావట్లేదని ఫోన్ చేసేవాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే: రిఫ్రెష్ కొట్టడం ఆపి, స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టండి. "ఓపెన్ అయితలేదు అక్కా" అంటే నాకేం అర్థం కాదు. ఆ తెల్లటి పేజీ మీద ఉన్న రెండు ముక్కల్లోనే సగం జవాబు దొరుకుతుంది.

నారాయణగూడలో మాది చిన్న టికెటింగ్ ఆఫీసు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ పోయిన పిల్లలు, డల్లాస్‌లో కొడుకున్న దిల్‌సుఖ్‌నగర్ రిటైర్డ్ మాస్టార్లు, డబ్లిన్‌లో చదువుకునే అమ్మాయిలు మా కస్టమర్లు. టికెట్ మా దగ్గర తీసుకున్నా సీటు మార్చుకోవడానికో, వెబ్ చెకిన్‌కో వాళ్లే సైట్‌లోకి వెళ్తుంటారు. అది తెరుచుకోకపోతే టికెటే పోయిందన్నంత కంగారు పడతారు. టికెట్ ఎక్కడికీ పోదు. అది ఎయిర్‌లైన్ రిజర్వేషన్ సిస్టమ్‌లో ఉంటుంది, వెబ్‌సైట్ దాన్ని మీకు చూపిస్తుందంతే. కాబట్టి ముందు కాస్త స్థిమితపడండి.

సైట్ మీ ఒక్కరికే రావట్లేదా, అందరికీనా అన్నది మొదట తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికో చెల్లెలికో మెసేజ్ పెట్టి, అదే సైట్ వాళ్ల ఫోన్‌లో మొబైల్ డేటా మీద తెరిచి చూడమనండి. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో మాత్రం చూడొద్దనండి. మాదాపూర్‌లో కూర్చున్నా, చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌ల ఇంటర్నెట్ ఏ సింగపూర్ సర్వర్ మీదుగానో అమెరికా సర్వర్ మీదుగానో బయటికి వెళ్తుంది. మనిషి గచ్చిబౌలిలో ఉన్నా సైట్‌కి విదేశంలో ఉన్నట్టే కనిపిస్తాడు. అలా చూసి "ఇక్కడ కూడా రావట్లేదు" అంటే మీరు తప్పుదారి పడతారు.

ఇక్కడ కూడా తెరుచుకోకపోతే సమస్య మీ దేశంలో లేదు. మెయింటెనెన్స్ కావచ్చు. సాధారణంగా ఎయిర్‌లైన్లు తమ ఊళ్లో అర్ధరాత్రి దాటాకే సిస్టమ్ పనులు పెట్టుకుంటాయి. ఇక్కడ రాత్రి రెండంటే వేసవిలో డల్లాస్‌లో మధ్యాహ్నం మూడున్నర. వాళ్లకది పట్టపగలు కాబట్టి అమెరికాలో బ్లాక్ చేశారనుకుంటారు. చాలాసార్లు రెండు మూడు గంటలు ఆగితే సరిపోతుంది. ఒక్కోసారి ఎయిర్‌లైనే ఉండదు. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, గో ఫస్ట్ 2023 మే నుంచి ఎగరట్లేదు. పాత బుక్‌మార్క్ నొక్కి రావట్లేదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

హైదరాబాద్‌లో తెరుచుకుంటోంది, మీ దగ్గర లేదు అంటే అసలు విషయంలోకి వచ్చినట్టు.

స్క్రీన్ మీద మాటలు చూడండి. "యాక్సెస్ డినైడ్" అని, కింద పొడుగాటి రిఫరెన్స్ నంబర్ కనిపిస్తే మీ ఫోన్ బాగానే ఉంది, మీ నెట్ కూడా బాగానే ఉంది. మీరు సైట్ గుమ్మం దాకా వెళ్లారు, అక్కడ ఆపేశారు. 403 అనే అంకె ఉన్నా అంతే. పెద్ద సైట్ల ముందు అకమాయ్, క్లౌడ్‌ఫ్లేర్ లాంటి కంపెనీల రక్షణ వ్యవస్థలుంటాయి. అవి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటివి. మీరెవరో వాటికి తెలియదు. మీ ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మీ కనెక్షన్‌కి ఉండే నంబర్ చూసి ఏ దేశం నుంచి, ఎలాంటి నెట్‌వర్క్ నుంచి వచ్చారో అంచనా వేసి, యజమాని ఇచ్చిన లిస్టు ప్రకారం పంపడమో ఆపడమో చేస్తాయి. క్లౌడ్‌ఫ్లేర్ పేజీలో 1009 అని ఉంటే మీరున్న దేశాన్నే సైట్ యజమాని ఆపేశాడని అర్థం. 1020 అంటే ఏదో భద్రతా నియమానికి మీరు తగులుకున్నారు. 1015 అంటే మరీ ఎక్కువసార్లు కొట్టారు, కాసేపు వదిలేయండి. ఈ 1015 వచ్చినప్పుడు రిఫ్రెష్ కొట్టే కొద్దీ మీకే నష్టం.

టికెట్లు అమ్ముకోవాల్సిన ఎయిర్‌లైన్ కస్టమర్లని ఎందుకు ఆపుతుంది? అందరూ అడిగే ప్రశ్నే. పెద్ద కారణం బాట్లు. ధరలు లాగేసుకునే ప్రోగ్రాములు రోజంతా ఎయిర్‌లైన్ సైట్ల మీద సెర్చ్‌లు కొడుతూనే ఉంటాయి. కొన్నవి ఎన్ని, వెతికినవి ఎన్ని అన్న లెక్కని మా లైన్‌లో లుక్ టు బుక్ అంటారు. వెతుకులాట పెరిగి కొనుగోలు పెరగకపోతే ఎయిర్‌లైన్‌కి ఖర్చే తప్ప రాబడి లేదు. కొన్ని బాట్లు డబ్బు కట్టకుండా సీట్లని పట్టి ఉంచుతాయి కూడా. అందుకని తమకి పెద్దగా కస్టమర్లు లేని దేశాల నుంచి ఒక్కసారిగా రద్దీ పెరిగితే దాన్ని మొత్తంగా ఆపేస్తారు. అందులో మన జగిత్యాల అబ్బాయి కూడా పడిపోతాడు.

రెండోది సైబర్ దాడుల భయం. ఉద్రిక్త సమయాల్లో బయటి దేశాలకి తాత్కాలికంగా తలుపులు మూయడం మామూలే. ఎయిర్‌లైన్ కాకపోయినా దగ్గరి ఉదాహరణ ఉంది. 2025 మేలో భారత్, పాకిస్తాన్ మధ్య పరిస్థితి వేడెక్కినప్పుడు మన స్టాక్ ఎక్స్ఛేంజీలు ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ రెండూ తమ వెబ్‌సైట్లని విదేశాల నుంచి చూడకుండా కొంతకాలం పరిమితులు పెట్టాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు షేర్ ధరలు రావట్లేదని కంగారు పడ్డారు. అందులో వాళ్ల ఫోన్ల తప్పేం లేదు.

మూడోది మీరున్న దేశ ప్రభుత్వం. ఇక్కడ ఆపేది ఎయిర్‌లైన్ కాదు, మీ టెలికాం కంపెనీ. 2017 జూన్‌లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్ట్ ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నప్పుడు యూఏఈలో ఖతార్ ఎయిర్‌వేస్ వెబ్‌సైట్‌ని బ్లాక్ చేశారు. సైట్ హైదరాబాద్‌లో మామూలుగానే ఉంది, దుబాయ్‌లో మాత్రం రాలేదు. 2021 జనవరిలో గానీ ఆ దేశాల మధ్య రాజీ కుదరలేదు. ఇలాంటి బ్లాక్‌కి అకమాయ్ పేజీ రాదు. "ఈ సైట్ ఇక్కడ నిషేధం" అనే స్థానిక ప్రకటన పేజీ వస్తుంది, లేదా అసలేమీ రాకుండా తిరుగుతూ ఉంటుంది.

తిరుగుతూ తిరుగుతూ "టైమ్డ్ అవుట్" అంటే మాత్రం వెంటనే బ్లాక్ అనుకోకండి. సముద్రం కింది కేబుల్ తెగినా ఇలాగే ఉంటుంది. 2025 సెప్టెంబర్‌లో జెడ్డా దగ్గర ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగితే ఇటు మనకీ అటు యూఏఈకీ నెట్ నెమ్మదించింది. అలాంటప్పుడు వేరే సైట్లు కూడా కుంటుతుంటాయి, అదే గుర్తు.

"సర్టిఫికెట్ తప్పు" అని వస్తే ఫోన్‌లో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. సరిగ్గానే ఉండి హోటల్ వైఫైలో వస్తుంటే ఆ వైఫై మీద కార్డు నంబర్ కొట్టకండి. "సర్వర్ అడ్రస్ దొరకలేదు" అంటే ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) మార్చి 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ పెట్టి చూడండి. సైట్ తెరుచుకుంటూనే మళ్లీ మళ్లీ వేరే దేశం పేజీకి తోసేస్తుంటే కుకీలు (సైట్ మీ బ్రౌజర్‌లో దాచుకునే గుర్తులు) తుడిచేసి, ప్రైవేట్ విండోలో తెరిచి, దేశం ఇండియా అని మీరే ఎంచుకోండి.

ఇక అడ్డు తప్పించుకునే దారులు. తేలికైనది నెట్‌వర్క్ మార్చడం. క్యాంపుల్లో, హాస్టళ్లలో వందల మంది ఒకే ఐపీ అడ్రస్ వెనక ఉంటారు. అందులో ఒకడు ఏదో పిచ్చి యాప్ వేసుకుని ఉంటాడు, ఆ దెబ్బ అందరికీ తగులుతుంది. వైఫై తీసేసి సొంత మొబైల్ డేటా మీద పెట్టగానే చాలామందికి తెరుచుకుంటుంది. ఎయిర్‌లైన్ యాప్ కూడా ప్రయత్నించండి. వెబ్‌సైట్‌కి పెట్టిన నియమాలే యాప్‌కీ ఉండాలని లేదు.

అది పనిచేయకపోతే నాకు బాగా నచ్చే ఉపాయం మీ ఇండియా సిమ్. రోమింగ్‌లో ఉన్న సిమ్ డేటా సాధారణంగా ముందు మన ఆపరేటర్ దగ్గరికి వచ్చి, ఇక్కడి నుంచే ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. అంటే మీరు దమ్మామ్‌లో ఉన్నా సైట్‌కి ఇండియాలో ఉన్నట్టే కనిపిస్తారు. ఒక్కరోజు రోమింగ్ ప్యాక్ వేసుకుని, స్థానిక సిమ్ డేటా ఆపి, పని చేసుకోండి. ప్యాక్ లేకుండా డేటా ఆన్ చేశారో, బిల్లు చూశాక టికెట్టే నయం అనిపిస్తుంది. ఇదే కారణంగా విదేశీ ఈసిమ్‌తో హైదరాబాద్ వచ్చిన ఎన్నారైలకి అమీర్‌పేటలో కూర్చున్నా ఇండియా సైట్లు కొన్ని తెరుచుకోవు.

"వీపీఎన్ వేస్కో బ్రో" అనే సలహా ప్రతి వాట్సాప్ గ్రూపులో దొరుకుతుంది. వీపీఎన్ అంటే మీ నెట్‌ని ఇంకో దేశంలోని సర్వర్ మీదుగా పంపే యాప్. నేనైతే దాన్ని చివర్లో పెడతాను. ఉచిత వీపీఎన్‌ల ఐపీ అడ్రస్‌లు డేటా సెంటర్లవి, బాట్లు వచ్చేదీ అక్కణ్నుంచే, అందుకని ఎయిర్‌లైన్లు వాటినే ముందు ఆపుతాయి. ఒకవేళ సైట్ తెరుచుకున్నా, కార్డు ఒక దేశానిది, ఐపీ ఇంకో దేశానిది అయ్యేసరికి మోసం అనుకుని పేమెంట్ ఆపేయవచ్చు. పైగా చట్టం ఉంది. యూఏఈలో వీపీఎన్ దానికదే నేరం కాదు గానీ, దాన్ని నేరానికో నేరాన్ని దాచడానికో వాడితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల దాకా జరిమానా పడవచ్చు. అక్కడి ప్రభుత్వమే బ్లాక్ చేసిన సైట్‌కి వీపీఎన్ వేసి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. ఇంట్లోవాళ్లకి పీఎన్‌ఆర్ (టికెట్ మీది బుకింగ్ కోడ్) పంపి హైదరాబాద్ నుంచి పని చేయించుకోండి. దానికి రూపాయి ఖర్చు లేదు.

సైట్ తెరుచుకుని పేమెంట్ దగ్గర ఆగిపోవడం వేరే సంగతి. రిజర్వ్ బ్యాంక్ నియమాల ప్రకారం 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు మనం ఆన్ చేసుకుంటేనే పనిచేస్తాయి. బ్యాంక్ యాప్‌లో చూసుకోండి. ఓటీపీ వచ్చే ఇండియా నంబర్ బతికుండాలి. డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే మళ్లీ కట్టకండి. మెయిల్, స్పామ్ ఫోల్డర్ రెండూ వెతికి, బ్యాంక్ యాప్‌లో ఆ లావాదేవీ పూర్తయిందో లేదో చూసి, ఎయిర్‌లైన్‌ని అడిగాకే రెండో ప్రయత్నం.

ప్రయాణం రేపే అయితే సైట్ గొడవ వదిలేయండి. మీ ఈ-టికెట్ పేపర్ మీద ఆరు అక్షరాల పీఎన్‌ఆర్‌తో పాటు పదమూడు అంకెల టికెట్ నంబర్ ఉంటుంది. మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్‌వి: 098 ఎయిర్ ఇండియా, 176 ఎమిరేట్స్, 157 ఖతార్. ఈ రెండు నంబర్లు, పాస్‌పోర్ట్ పట్టుకుని కాస్త ముందుగా ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌కి వెళ్తే వాళ్లే చెకిన్ చేస్తారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా కంప్యూటర్లు పడిపోయిన రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి ఇండిగో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చింది, ఆ ఫోటో దేశమంతా తిరిగింది. కంప్యూటర్లు లేకుండానే విమానం ఎక్కించారంటే మీ బ్రౌజర్ తెరుచుకోకపోవడం ఎంత! ఒక్క హెచ్చరిక: యూరప్‌లోని చవక ఎయిర్‌లైన్లు కౌంటర్ చెకిన్‌కి డబ్బు గుంజుతాయి, ర్యాన్‌ఎయిర్‌లో అది 55 యూరోల దాకా ఉంటుంది. డబ్లిన్ అమ్మాయిలు ముందురోజే ఇంకో నెట్‌వర్క్ మీద చెకిన్ పూర్తిచేసుకోవాలి.

ఎయిర్‌లైన్‌కి ఫిర్యాదు రాసేటప్పుడు ఆ రిఫరెన్స్ నంబర్, మీరున్న దేశం, మీ నెట్‌వర్క్ పేరు, సమయం రాయండి. నంబర్ ఉంటే ఏ నియమం మిమ్మల్ని ఆపిందో వాళ్ల టెక్నికల్ టీమ్ వెతకగలదు. "మీ సైట్ పనిచేయట్లేదు" అని రాస్తే కుకీలు తుడుచుకోమని జవాబొస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, నకిలీ కస్టమర్ కేర్ ఒక ఎత్తు. సైట్ రాకపోతే జనం గూగుల్‌లో ఎయిర్‌లైన్ పేరు కొట్టి, పైన కనిపించిన నంబర్‌కి ఫోన్ చేస్తారు. అవతలివాడు మంచి ఇంగ్లిష్‌లో మాట్లాడి, "మీ టికెట్ క్యాన్సిల్ అవుతోంది, పది రూపాయలు కట్టి కన్ఫర్మ్ చేసుకోండి" అంటాడు, లేదా మీ స్క్రీన్ వాడికి చూపించే ఎనీడెస్క్ యాప్ వేసుకోమంటాడు. ఏ ఎయిర్‌లైన్ కూడా మీ ఫోన్ స్క్రీన్ చూడాలని అడగదు. నంబర్ కావాలంటే మీ టికెట్ మెయిల్‌లో ఉన్నది తీసుకోండి, లేదా టికెట్ కొన్న ఏజెంట్‌ని అడగండి, రాత్రయినా పర్లేదు. అప్పటికే డబ్బు పోయి ఉంటే ముందు బ్యాంక్‌కి చెప్పి కార్డు బ్లాక్ చేయించండి, వెంటనే హైదరాబాద్‌లో ఉన్న ఇంటివాళ్లతో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.