పాత కంప్యూటరుతో పాత డాట్ మాట్రిక్స్ ప్రింటరు: సమస్యలు, పరిష్కారాలు

ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న తొమ్మిది పిన్నుల డాట్ మాట్రిక్స్ ప్రింటరును (సిరా రిబ్బన్ మీద పిన్నులతో కొట్టి చుక్కలుగా అచ్చేసే యంత్రాన్ని) ఇంటికి తెచ్చీ తేగానే కంప్యూటరుకు తగిలించకుండా, ముందు దాని వెనుక అంటించిన చీటీ చదవాలి. అమెరికా నుంచి వచ్చిన యంత్రమై 120 వోల్టులని రాసి ఉంటే, మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే అది కాలిపోవచ్చు. ఆ భయం లేదని తేలాక, కేబుల్ తగిలించకుండానే స్వీయపరీక్ష (ప్రింటరు తనంతట తానే అక్షరాలు అచ్చేసి చూపడం) చేయాలి. ఎప్సన్ యంత్రాల్లో చాలావాటికి లైన్ ఫీడ్ (కాగితాన్ని ఒక వరుస జరిపే) మీట నొక్కి పట్టుకొని స్విచ్ వేస్తే చాలు. తప్పు ప్రింటరుదా, దాని బయటిదా అన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది.

స్వీయపరీక్షలోనే అక్షరాలన్నిటినీ ఒకే ఎత్తులో కోస్తూ సన్నని తెల్లగీత కనిపిస్తే, పిన్నులుండే భాగమైన హెడ్‌లో ఒక పిన్ను కదలడం లేదని అర్థం. ఏళ్ల తరబడి వాడకపోవడంతో సిరా ఎండి పిన్ను బిగుసుకుపోవడం మామూలే కనుక, హెడ్ చల్లారాక రిబ్బన్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో దాని కొసను రెండు మూడుసార్లు తుడవాలి. అప్పటికీ గీత పోకపోతే పిన్ను విరిగిందేమో, హెడ్‌కు వెళ్లే పట్టీ కేబుల్ తెగిందేమో చూడాలి. అచ్చు మొత్తం వెలవెలబోతే రిబ్బన్ మార్చడమే మందు.

స్వీయపరీక్ష బాగానే వచ్చి, కంప్యూటరు నుంచి మాత్రం ఏమీ రాకపోతే, రెండింటినీ ఆపి కేబుల్‌ను గట్టిగా బిగించి, ఆదేశాలు టైపు చేసే పాత ఆపరేటింగ్ సిస్టమైన డాస్‌లో 'డిఐఆర్ > ఎల్‌పీటీ1' అని కొట్టి చూడాలి; ఫైళ్ల జాబితాను మొదటి ప్రింటరు పోర్టుకు పంపే ఆదేశమిది. కాగితం కదలకపోతే, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల మెనూ అయిన బయాస్‌లోకి వెళ్లి ప్యారలల్ పోర్టు (ప్రింటరు కేబుల్ తగిలించే చోటు) ఆన్‌లో ఉందో లేదో, చిరునామా 378 అని ఉందో లేదో చూసి, పోర్టు పనిచేసే పద్ధతుల్లో కొత్తదైన ఈసీపీ బదులు పాతదైన ఎస్‌పీపీ ఎంచుకోవాలి. యూఎస్‌బీ కన్వర్టర్ మీద ఆశ పెట్టుకోవద్దు. దాన్ని డాస్ తనంతట తాను ఎల్‌పీటీ1గా గుర్తించదు.

అన్నిటికన్నా తికమక పెట్టేది, అచ్చు పడుతూనే అక్షరాలు మారిపోవడం. నేను ఇంగ్లీషు పెద్దక్షరాలు ఏ, బీ, సీ, డీ పంపితే కాగితం మీద ఏ, సీ, సీ, ఈ పడ్డాయి. రామ్ పాడైందని అనుమానించి ఒక సాయంత్రమంతా వృథా చేశాను. నిజానికి ప్రతి అక్షరమూ ఎనిమిది డేటా తీగల మీద ఒకట్లు, సున్నాలుగా, అంటే బిట్లుగా, వెళ్తుంది. అన్నిటికన్నా చిన్న విలువ గల బిట్ కేబుల్ కనెక్టర్ రెండో పిన్నుది. ఆ తీగ తెగితే ప్రింటరు సాధారణంగా దాన్ని ఎప్పుడూ ఒకటిగానే చదువుతుంది కనుక, కంప్యూటరు సంకేతంలో 65 అయిన ఏ మారదు గానీ, 66 అయిన బీ 67 అయి సీగా మారుతుంది. కనెక్టర్ తొడుగు విప్పితే రెండో పిన్ను దగ్గర సోల్డర్ ఊడి, తీగ వెంట్రుకవాసి దూరంలో నిలబడి ఉంది. మళ్లీ సోల్డర్ చేయగానే నాలుగు అక్షరాలూ సరిగ్గా వచ్చాయి.

వరుసల మధ్య రెట్టింపు ఖాళీ వస్తే, ప్రతి వరుస చివరా ప్రింటరే కాగితాన్ని జరిపే ఆటో లైన్ ఫీడ్‌ను ప్రింటరులోని చిన్న డిప్ స్విచ్‌తో ఆపాలి. వరుసలన్నీ ఒకదానిమీదొకటి పడితే దాన్ని ఆన్ చేయాలి. పట్టికల గీతల బదులు ఏటవాలు అక్షరాలు పడితే, అక్షరాల పట్టికను ఇటాలిక్ నుంచి గ్రాఫిక్స్‌కు మార్చి, ప్రింటరును ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయాలి.