వీల్‌చైర్‌తో క్రూజ్‌కా? రేవుల గురించి ముందే చూసుకోవాల్సినవి

టికెట్ కొనకముందే ప్రతి రేవు గురించీ అడగండి: ఓడ గట్టుకే ఆనుకుని ఆగుతుందా, లేక సముద్రంలో లంగరేసి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారా? ఆ పడవల్ని టెండర్లు అంటారు. బరువైన ఎలక్ట్రిక్ వీల్‌చైర్‌ను వాటిలోకి ఎక్కించడానికి చాలా ఓడలవాళ్లు ఒప్పుకోరు. గ్రీస్‌లోని సాంటోరినిలో ఇదే ఇబ్బంది. పైగా ఊరు కొండ మీద, కేబుల్ కార్ ఎక్కాలి. సింగపూర్‌లో ఓడ టెర్మినల్ దగ్గరే ఆగుతుంది, మెట్రో స్టేషన్లలో లిఫ్టులుంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేనైతే సింగపూరే చెబుతాను.

"మీరు వెళ్లిరండి, నేను ఓడలోనే ఉంటాలే" అని పెద్దవాళ్లు అంటారు. వాళ్లకు ఆ మాట అనే అవసరం రాని రేవుల్నే ఎంచుకోండి.

గట్టుకు ఆగినా, ఆటుపోట్లను బట్టి దిగే వంతెన వాలు మారుతుంది. పొద్దున తేలిగ్గా దిగినచోట సాయంత్రం ఎక్కడం కష్టం కావచ్చు. సిబ్బంది సాయం ముందే అడిగి పెట్టుకోండి.

- శంషాబాద్‌లో విమానం ఎక్కేందుకు సాయం కావాలని 48 గంటల ముందే ఎయిర్‌లైన్స్‌కు చెప్పాలి.
- విమానంలో తీసుకెళ్లే వీల్‌చైర్‌కు విడదీసే లిథియం బ్యాటరీ ఒక్కటే ఉంటే, దాని సామర్థ్యం 300 వాట్-అవర్లు దాటకూడదు. దాన్ని తీసి విమానం క్యాబిన్‌లో వెంట పెట్టుకోవాలి.
- కుర్చీ వెడల్పు, బరువు రాసిపెట్టుకోండి.
- రేవులో వ్యాన్ మాట్లాడేటప్పుడు, మనిషిని కుర్చీతో సహా ఎక్కించే ర్యాంప్ ఉందా అని అడగండి. "వీల్‌చైర్ పడుతుందా?" అంటే, డిక్కీలో పడుతుందిగా అనుకుని అవునంటారు.
- తిరిగి ఓడెక్కే టైమ్ ఊరి టైమ్‌ను బట్టి కాకుండా, ఓడ గడియారం ప్రకారమే చూసుకోండి.