సగంలో ఆగిన పాత స్పోర్ట్స్ కారు: కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

పాత స్పోర్ట్స్ కారును పూర్తిగా విప్పి, కొంత పని చేయించి, మధ్యలో ఆపేసి అమ్మకానికి పెట్టడం మన ప్రాంతంలో అరుదు. అయితే అలాంటి అమ్మకం జరిగినప్పుడు రెండు పక్షాలూ సాధారణంగా ధర దగ్గరే తడబడతాయి. అమ్మేవారు ఇప్పటివరకు తాము పెట్టిన ఖర్చును కూడి ధర చెబుతారు, కొనేవారు మెరిసే రంగుతో పూర్తయిన కారును మనసులో పెట్టుకుని బేరమాడతారు. నిజానికి ఆ కారు విలువను తేల్చేవి మిగిలిన పని, కనిపించకుండా పోయిన భాగాలు, చేతిలో ఉన్న కాగితాలు మాత్రమే. ఈ మూడింటినీ ఇద్దరూ కలిసి కూర్చుని కాగితం మీద పెట్టగలిగితే బేరం సగం కుదిరినట్టే.

మన దేశంలో ఇలాంటి స్థితిలో దొరికేవి ఎక్కువగా బ్రిటిష్ కార్లు. వీటి విషయంలో విజయవాడ ఆటోనగర్ వంటి చోట ఉన్నవారికి ఒక అనుకూలత ఉంది. 1955లో వచ్చిన ఎంజీఏ కారులో మొదట వాడిన 1489 సీసీ ఇంజనూ, మన అంబాసిడర్‌లో చాలాకాలం నడిచిన పెట్రోలు ఇంజనూ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబానికి చెందినవి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మాతృక అయిన ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌ను కుదించి, సవరించి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌ను రూపొందించారు. అందువల్ల అంబాసిడర్ ఇంజను విప్పి బిగించిన పాతతరం మెకానిక్‌కు ఎంజీ ఇంజను పూర్తిగా కొత్త విషయం కాదు. అయితే ఇదే బంధుత్వం ఒక చిక్కును కూడా తెస్తుంది. అసలు ఇంజను పాడైనప్పుడు దాని స్థానంలో అంబాసిడర్ ఇంజను బిగించేసిన కార్లు ఉంటాయి కాబట్టి, ఇంజను మీద ఉన్న నంబరు కారు పుట్టినప్పటి నంబరేనా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

కాగితాల సంగతి

కారును చూడటానికి వెళ్లే ముందే ఆర్సీ నకలు పంపమని అడగండి. ఛాసిస్ మీద చెక్కిన నంబరు, బల్క్‌హెడ్‌కు (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడకు) బిగించిన ప్లేటు మీది నంబరు, ఆర్సీలో రాసిన నంబరు మూడూ ఒకటే కావాలి. తుప్పు పట్టిన చోట నంబరు చదవలేకపోతే గరుకు కాగితంతో రుద్దకుండా, కిరోసిన్‌తో తుడిచి, దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో ముద్ర తీసుకోవాలి. చేత్తో రాసిన పాత ఆర్సీ పుస్తకమైతే ఆ నమోదు ఇప్పటి వాహన్ డేటాబేస్‌లోకి (వాహనాల కంప్యూటరు రికార్డులోకి) ఎక్కిందో లేదో రవాణా శాఖ కార్యాలయంలో తెలుసుకోవాలి. ఎక్కకపోతే పాత రిజిస్టరు నుంచి వివరాలు ఎక్కించే పని అమ్మేవారి పేరు మీద, అమ్మకానికి ముందే జరగడం మంచిది. ఎంజీ, ట్రయంఫ్ వంటి బ్రిటిష్ కార్లకు ఇంగ్లండ్‌లోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం పాత ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. అసలు ఇంజను నంబరు, మొదటి రంగు వంటి వివరాలు దానిలో తెలుస్తాయి కనుక, అమ్మేవారు ముందే తెప్పించి ఉంచితే వాదనలు తగ్గుతాయి.

సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. పునరుద్ధరణకు కారును తనిఖీకి చూపించాలి. విప్పి పెట్టెల్లో సర్దిన కారును ఎవరూ తనిఖీకి చూపించలేరు. అందువల్ల గడువు తీరిన ఆర్సీతో ఉన్న కారును కొనేవారు, పని పూర్తయ్యేదాకా అది పాత యజమాని పేరు మీదే ఉండిపోయే ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

కారుకు 50 ఏళ్లు దాటి ఉంటే మరో దారి ఉంది. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేర్చిన వింటేజ్ నిబంధనల కింద 20,000 రూపాయల రుసుముతో పదేళ్లు చెల్లే రిజిస్ట్రేషన్ పొందవచ్చు. దరఖాస్తుతో పాటు బీమా పాలసీ, ఇదివరకే మన దేశంలో నమోదైన కారైతే పాత ఆర్సీ, దిగుమతి చేసుకున్నదైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతికి సంబంధించిన కస్టమ్స్ పత్రం) ఇవ్వాలి. ఇలా నమోదైన కారును ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, ఇంధనానికి, మరమ్మతులకు తప్ప రోజువారీ ప్రయాణాలకు రోడ్డు మీదికి తీయకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఛాసిస్‌కు, బాడీ షెల్‌కు, ఇంజనుకు గణనీయమైన మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉంచిన వాహనాలకే ఈ వీలు వర్తిస్తుంది. ఛాసిస్‌ను కోసి అతికించి, డీజిల్ ఇంజను కూర్చోబెట్టిన కారును "వింటేజ్ కింద చేయించుకోవచ్చులెండి" అని ఎవరైనా చెబితే, ఆ మాటకు ధర కట్టవద్దు.

పాత కార్లలో చాలావాటి ఆర్సీ తాతగారి పేరునో, తండ్రిగారి పేరునో ఉంటుంది. యజమాని మరణించి ఉంటే వారసులు ముందుగా ఫారం 31 ద్వారా కారును తమ పేరున మార్చుకుని, ఆ తర్వాతే అమ్మాలి. మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలు లేకుండా ఒక్క కొడుకు సంతకంతో కారు కొనడం తర్వాత తగాదాకు దారి తీస్తుంది.

ఆటోనగర్‌లో కొనేవారు తప్పక అడగవలసిన కాగితం ఇంకొకటి ఉంది. మధ్యలో పని ఆగిన కారు చాలాసార్లు యజమాని ఇంట్లో కాకుండా టింకరింగ్ షెడ్డులో ఉంటుంది, డబ్బు బాకీపడి ఆగిన సందర్భాలూ ఉంటాయి. భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను ప్రకారం, ఒక వస్తువు మీద తన నైపుణ్యంతో పని చేసినవారికి కూలి అందేవరకు ఆ వస్తువును తన దగ్గరే ఉంచుకునే హక్కు ఉంటుంది. యజమానికి డబ్బు కట్టి వచ్చిన కొత్త కొనుగోలుదారుకు ఆ మేస్త్రీ కారు అప్పగించకపోతే, తప్పు మేస్త్రీది కాదు. షెడ్డు వారి నుంచి బాకీ లేదన్న ఉత్తరం తీసుకున్నాకే బయానా ఇవ్వండి.

కారును చూడటం

పగటి వెలుతురులో, కారును జాకీ మీద ఎత్తే వీలున్న చోట చూడాలి. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం వెంట ఉంచుకుంటే, రేకు ఉన్న చోట అంటుకుని, పుట్టీ మందంగా పూసిన చోట జారిపోతుంది. ఎంజీబీ వంటి కార్లకు వేరే ఛాసిస్ ఉండదు. తలుపుల కింద ఉండే సిల్సే కారు బరువును మోస్తాయి. కారును ఎత్తినప్పుడు తలుపు చుట్టూ ఉన్న సందు మారినా, తలుపు బిగుసుకున్నా, ఆ సిల్స్‌ను లోపల తుప్పు తినేసినట్టే. స్పిట్‌ఫైర్‌కు ఛాసిస్ ఉంటుంది కనుక దాని నుంచి పక్కలకు వచ్చే అవుట్‌రిగ్గర్లను సుత్తి పిడితో తట్టి చూడండి. 1940లు, 50ల నాటి ఎంజీ టి-సిరీస్ కార్ల బాడీ కింద ఆష్ చెక్క చట్రం ఉంటుంది. మన వాతావరణంలో దానికి చెద పట్టడం తుప్పుకన్నా పెద్ద సమస్య. తలుపు కీలు బిగించిన చోట చెక్కలోకి స్క్రూడ్రైవరు మొన దిగిపోతే మొత్తం చట్రం కొత్తగా చేయించాల్సిందేనని అనుకోవాలి.

రేకును శుభ్రం చేసి బూడిదరంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టి వదిలేసిన కార్లు చూడటానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఈ విషయంలో గట్టిగా హెచ్చరించాలి. మామూలు ప్రైమర్ సర్ఫేసర్‌కు సూక్ష్మ రంధ్రాలు ఉంటాయి, అది తేమను లోపలికి పీలుస్తుంది. కృష్ణా తీరంలోని ఉక్కలో, వానాకాలాల్లో అలా వదిలేసిన రేకు మీద ప్రైమర్ కిందే తుప్పు పాకుతుంది. ఆ పని మొత్తం గీకి మళ్లీ చేయాలి. తేమను అడ్డుకునే ఎపాక్సీ ప్రైమర్ కొట్టి ఉంటే కథ వేరు, కాబట్టి ఏ ప్రైమర్ కొట్టారో, ఎప్పుడు కొట్టారో బిల్లుతో సహా అడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ ప్రాంతంలో నిల్వ ఉన్న కారైతే గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ డ్రెయిన్ నట్లు విప్పి నూనెలో నీళ్లు కలిశాయేమో చూడాలి, డైనమో, స్టార్టరు లోపల బురద ఆనవాళ్లు వెతకాలి.

ఇంజను తిరుగుతుందన్న మాటను నమ్మకుండా ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కొద్దిగా నూనె పోసి, కొంతసేపు ఆగి, పుల్లీ నట్టుకు పానా పెట్టి చేత్తో తిప్పించుకోండి. ఇంతకుముందు బోరింగ్ (అరిగిన సిలిండరును కోసి వెడల్పు చేయడం) చేయించి ఉంటే ఏ సైజుకు చేశారో ముఖ్యం. బి-సిరీస్ ఇంజను ఇప్పటికే 60 థౌకు (అంగుళంలో వెయ్యో వంతును థౌ అంటారు) వెళ్లి ఉంటే, మళ్లీ బోరు చేసే చోటు దాదాపు ఉండదు, లైనర్లు (సిలిండరు లోపల బిగించే కొత్త గొట్టాలు) వేయించాలి. బ్రేక్ డ్రమ్ములు విప్పితే ఆ దుమ్మును గాలి గొట్టంతో ఊదవద్దు. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, కనుక తడిగుడ్డతో తుడవాలి.

ఇంజను, రేకు పనికి మన దగ్గర చేతులు దొరుకుతాయి, చిన్న భాగాలే దొరకవు. విండ్‌స్క్రీన్ ఫ్రేము, టాపు చట్రం, గ్రిల్లు, మీటర్లు, దీపాల రింగులు, తలుపు పిడులు లేకపోతే వాటిని ఇంగ్లండ్ నుంచి తెప్పించుకోవాలి. వాటి మీద రవాణా ఖర్చూ, కస్టమ్స్ సుంకమూ పడతాయి. ఇవన్నీ ఒక్కొక్కటే విప్పి, నేల మీద పరిచి, ఫొటో తీసి, ఉన్నవి, లేనివి, ఉన్నా పనికిరానివి అని మూడు వరుసల్లో రాయాలి. అమ్మేవారు కూడా పక్కనే ఉండి రాస్తే మరీ మంచిది, ఎందుకంటే ఆ కాగితమే తర్వాత ఒప్పందానికి జతపత్రం అవుతుంది.

ధర

అదే మోడల్, అదే తరహాలో పూర్తయిన కారు ఎంత పలుకుతుందో తెలుసుకుని, మిగిలిన పనికి టింకరింగ్, పెయింటింగ్, లేత్, ఎలక్ట్రికల్, అప్‌హోల్‌స్టరీ విడివిడిగా అంచనాలు రాయించుకోండి. ఉదాహరణకు పూర్తయిన కారు 18 లక్షలు పలుకుతుందని, మిగిలిన పని 9 లక్షలని అనుకుందాం. పనిలోకి దిగాక బయటపడే ఖర్చుల కోసం ఆ 9 లక్షల మీద మరో 30 శాతం కలపాలి. అప్పుడు కొనేవారు ఇవ్వగలిగేది 6 లక్షల 30 వేలకు మించదు. అమ్మేవారు అప్పటికే పది లక్షలు పెట్టి ఉండవచ్చు. ఆ బిల్లులు పని నాణ్యతకు సాక్ష్యంగా విలువైనవే అయినా, ధరకు కొలమానం కాలేవు.

అమ్మేవారికి

అమ్మే ముందు పైపైన రంగు కొట్టించకండి. తెలిసిన కొనుగోలుదారుకు తుప్పు కనిపించే రేకే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. బోల్టులను, క్లిప్పులను ఏ భాగానివో రాసిన సంచుల్లో వేసి, విప్పేటప్పుడు తీసిన ఫొటోలను తేదీలవారీగా ఒక చోట పెట్టండి. అంబాసిడర్ ఇంజను వేయించి ఉంటే మొదటి ఫోనులోనే చెప్పండి. అసలు ఇంజను మూల పడి ఉన్నా సరే దానిని తుక్కుకు ఇవ్వకుండా కారుతోనే ఇవ్వాలి. కొన్ని భాగాలు విడిగా అమ్మితే మంచి ధర వస్తుందనిపించినా, మీటర్లు పోయిన కారును తర్వాత ఎవరూ తొందరగా తీసుకోరు.

ఒప్పందాన్ని స్టాంపు కాగితం మీద రాసి, భాగాల జాబితాను జతచేసి, కారు ప్రస్తుతం నడిచే స్థితిలో లేదని స్పష్టంగా పేర్కొని, అప్పగించిన తేదీ, సమయం వేసి ఇద్దరూ సంతకం చేయాలి. ఒక లావాదేవీలో 2 లక్షల రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది, కనుక బ్యాంకు ద్వారానే తీసుకోండి. యాజమాన్య మార్పుకు వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి మరచిపోవడం ప్రమాదం. రికార్డుల్లో పేరున్నవారే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందువల్ల ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే 14 రోజుల్లోగా, వేరే రాష్ట్రం వారికైతే 45 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేసి, రసీదు దాచుకోవాలి. వింటేజ్‌గా నమోదైన కారైతే ఇద్దరూ తమ తమ రాష్ట్ర రవాణా అధికారులకు 90 రోజుల్లోగా తెలియజేయాలి.

కారును తాడుతో లాక్కుని వెళ్లవద్దు. బ్రేకులు లేని, బీమా లేని కారును జాతీయ రహదారి మీద లాగడం ఎవరికీ క్షేమం కాదు. కారును లాగి పైకి ఎక్కించే వించి ఉన్న ఫ్లాట్‌బెడ్ లారీ ఆటోనగర్‌లో దొరుకుతుంది. బాడీకి కాకుండా సస్పెన్షన్‌కో చక్రాలకో బెల్టులు వేయించి, అద్దాలను దుప్పట్లలో చుట్టి వేరే బండిలో పంపి, ఒప్పందం, ఆర్సీ నకళ్లు డ్రైవరు చేతికివ్వాలి. దించేటప్పుడు అదే జాబితాను ముందు పెట్టుకుని పెట్టెలు లెక్కబెట్టి, అందినట్టు అమ్మినవారికి ఆ రోజే రాసి పంపండి.