లావెక్కిన కుక్కకు తిండి లెక్క

నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటి వెనక షెడ్డులో, ఊళ్లకు పోయేవాళ్ల కుక్కల్ని ఉంచుకుంటాను. తిరుమలకని, బెంగళూరుకని వదిలిపోతారు. కుక్కతోబాటు ఒక క్యారియరు, ఒక చీటీ కూడా వస్తాయి. పొద్దున పాలు, బిస్కెట్లు. పదకొండుకు పెరుగన్నం, చేత్తో పెడితేనే తింటాడు. సాయంత్రం చికెన్. రాత్రి మేం తినేటప్పుడు ఏదో ఒకటి. "మావోడు చికెన్ లేకపోతే ముట్టడక్కా" అని గేటు కాడ ఇంకోసారి చెప్పి మరీ పోతారు.

గిన్నెలో ఎంత పెడతారో అడిగితే అందరూ సరిగ్గానే చెబుతారు. లెక్కలోకి రానిదల్లా చేత్తో పెట్టేది. నాయన టీ తాగుతా రెండు బిస్కెట్లు వేస్తాడు, అమ్మ దోశ అంచు తుంచి వేస్తుంది, పిలకాయలు చిప్స్, అవ్వ నెయ్యన్నం ముద్ద. ఎవరికి వాళ్లు పెట్టింది కొంచెమే. పది కిలోల కుక్క, ఇంటిపట్టున పడుండేదైతే, దానికి రోజుకు 550 నుంచి 600 కేలరీలు సరిపోతాయి. గ్లూకోజ్ బిస్కెట్లు 100 గ్రాములకే సుమారు 450. చిన్న చెంచా నెయ్యి 40 పైచిలుకు. ఇక అది లావెక్కక ఏమవుతుంది?

ముందు మీ కుక్క లావో కాదో తేల్చుకోండి. బొచ్చు కుక్కయితే కంటిని నమ్మొద్దు, చేత్తో తడమండి. మీ చెయ్యి బోర్లా చాపి వేళ్ల వెనక తడిమితే ఎముక ఎట్లా తగులుతుందో, కుక్క పక్కటెముకలు అట్లా తగలాలి. పిడికిలి కణుపుల మాదిరి పొడుచుకొస్తే చిక్కిపోయినట్టు. అరచేతి కండలో ఎముకను వెతుక్కున్నట్టుంటే లావు. పైనుంచి చూస్తే నడుం కనబడాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లాగినట్టుండాలి. బరువు చూడ్డానికి, చిన్న కుక్కయితే ఎత్తుకుని మిషన్ ఎక్కి, తర్వాత మీ బరువు తీసేయండి. లాబ్రడార్‌ను ఎత్తుకోవద్దు, మీ నడుం పోతుంది. దాన్ని డాక్టరు దగ్గరే తూయించండి. ఎటూ పోతారు గనక థైరాయిడ్ సంగతి కూడా అడగండి. పెద్దగా తినకుండానే లావవుతుంటే అది కూడా కారణం కావచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కకు తిండి అవసరం తగ్గుతుంది. పాత కొలతే పెడుతుంటే ఒళ్లు చేస్తుంది.

ఇక పద్ధతి. పొద్దున్నే ఆ రోజుకు సరిపడా మొత్తం తిండి తూకం వేసి ఒక డబ్బాలో పెట్టండి. కప్పుతో కొలిస్తే రోజుకో రకంగా వస్తుంది, వంటింటి త్రాసు మేలు. ఇంట్లో ఎవరు ఏం పెట్టినా ఆ డబ్బాలోంచే తీసి పెట్టాలి. అవ్వ ముద్ద పెట్టాలనుకుంటే అది కూడా అందులోదే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. బిస్కెట్లు, చిరుతిళ్లు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు, అవి పెట్టిన రోజు ఆ మేరకు డబ్బాలో తగ్గించండి. ఇంటి తిండి పెట్టేవాళ్లు అన్నం తగ్గించి ఉడికించిన గుడ్డు, తోలు తీసిన చికెన్ పెంచండి. ఉత్త పెరుగన్నంతో కుక్కకు కావాల్సిన మాంసకృత్తులు అందవు. పస్తు మాత్రం పెట్టొద్దు. వారానికి ఒంటి బరువులో ఒకటి రెండు శాతం తగ్గితే చాలు, అంటే 40 కిలోల కుక్కకు 400 నుంచి 800 గ్రాములు.

లాబ్రడార్ల విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండాలి. దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఆకలిని పెంచే ఒక జన్యు లోపం ఉందని కేంబ్రిడ్జ్ వాళ్లు 2016లో తేల్చారు. తిన్న పది నిమిషాలకే అది మీ ముందు కూర్చుని పెట్టే మొహాన్ని నమ్మకండి. 2002లో వెలువడిన ఇంకో పరిశోధనలో 48 లాబ్రడార్లను పుట్టిన కాణ్ణించి చచ్చిపోయేదాకా గమనించారు. తోటిదానికంటే పాతిక శాతం తక్కువ తిన్నవి ఇంచుమించు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లనొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా? కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి వేడి దించుకోవాలి. కొవ్వు పేరుకున్న ఒంట్లోంచి వేడి తొందరగా బయటికి పోదు. పగ్ లాంటి చప్పిడి ముక్కుదయితే మరీ కష్టం. రోహిణి కార్తెలో పొద్దున ఆరు దాటాక వాకింగ్‌కు తీసుకుపోవద్దు. మోకాలి లిగమెంట్ తెగడం, షుగరు, ఆదివారం బిర్యానీ కొవ్వు తిని మర్నాడు వాంతులతో క్లోమం వాచడం, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు.

కొన్ని అసలు కొంచెం కూడా పెట్టకూడదు. ఎర్రకారం దోశలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, రెండూ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలో కిస్‌మిస్ కిడ్నీలకు చేటు. చాక్లెట్టు, చక్కెర లేని చూయింగ్ గమ్ విషమే. ఉడికిన కోడి ఎముకలు, పులుసులో చేప ముళ్లు గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

గారాబం మాన్పించడం తిండి తగ్గించడం కంటే కష్టం. గిన్నె కింద పెట్టి పావుగంట ఆగండి, తినకపోతే తీసేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట మానితే ఏమీ కాదు. పిల్లకుక్క, షుగరున్నది, రోజంతా ముట్టనిది అయితే డాక్టరుకు చూపించాలి. మీరు భోంచేసేటప్పుడు అది మొరిగినా చూడొద్దు. మొదటి నాలుగు రోజులు ఇంకా ఎక్కువ మొరుగుతుంది. అయిదో రోజు ఎవరో ఒకరు జాలిపడి పెట్టారా, ఎంతసేపు మొరగాలో దానికి తెలిసిపోతుంది. గిన్నె దగ్గరికి పోతే గుర్రుమంటే గిన్నె లాక్కోవద్దు, దూరం నుంచే ఇంకా మంచి ముక్క వేసి రోజూ ఒక అడుగు దగ్గరికి జరగండి. కరిచేదాకా వస్తే సొంత వైద్యం మానేయండి.

పెట్టకుండా ఉండలేని పెద్దవాళ్ల చేతికి పచ్చి క్యారెట్, కీరదోస ముక్కలు ఒక గిన్నెలో వేసి ఇచ్చేయండి. మా దగ్గరికొచ్చే పగ్ ఒకటి చికెన్ తప్ప ముట్టదని చీటీలో రాసొచ్చింది. ఇప్పుడు కీర కోసే చప్పుడు వింటే చాలు, వంటింటి గడప మీద ఉంటుంది.