పంచేంద్రియాల పాఠాలు – 4: నాలుకకు రుచి ఎలా తెలుస్తుంది?

పోయిన పాఠంలో ముక్కు సంగతి చూశాం. పిల్లల కళ్లకు గంతలు కట్టి, జీలకర్ర, మల్లెపూలు, అగరుబత్తి వాసన చూపించి పేర్లు చెప్పించే ఆట మీ ఇంట్లో ఈపాటికి ఆడేసి ఉంటారు. ఆడకపోతే ముందు అది కానిచ్చి రండి. రుచి పాఠంలో సగం పని ముక్కుదే.

ఇది నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం. మీరు పట్టుకోవాల్సిన కిటుకు ఒక్కటే: రుచి ముందు నోట్లో పడాలి, దాని పేరు తర్వాత చెవిన పడాలి. "నాలుకతో రుచి చూస్తాం" అని గడగడా అప్పజెప్పే పిల్లలే, చింతపండుకీ నిమ్మకాయకీ పోలికేమిటని అడిగితే బిక్కమొహం వేస్తారు. వాళ్లకు పాఠం వచ్చింది కానీ రుచి తెలియలేదు.

మొదట అద్దం ముందు నిలబెట్టి నాలుక చాపమనండి. వెలుతురు బాగుండాలి. నాలుక మీద గులాబీ రంగులో చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. చాలామంది పెద్దలు ఆ బుడిపెలనే రుచి మొగ్గలు అనుకుంటారు. నిజానికి మొగ్గలు ఆ బుడిపెల్లో దాక్కుని ఉంటాయి, కంటికి ఆనవు. అన్నీ కలిపి కొన్ని వేలు. ఒక్కో మొగ్గలో 50 నుంచి 100 దాకా కణాలు ఉంటాయి, అవి సుమారు పది రోజులకోసారి పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి. వేడి పాలు తాగి నాలుక కాల్చుకున్న పిల్లవాడికి ఈ మాట చెప్పి చూడండి, ఎంత ధైర్యం వస్తుందో!

తర్వాత చేయించే పని చూడటానికి చాలా చిన్నది, నాకు మాత్రం ఈ పాఠం మొత్తంలో ఇదే ఇష్టం. శుభ్రమైన పొడి గుడ్డతో బిడ్డ నాలుక కొసను మెల్లగా అద్దండి. నాలుకను లోపలికి తీసుకోనివ్వకుండా దాని మీద నాలుగు పంచదార పలుకులు వేయండి. "ఏమైనా తెలుస్తోందా?" అని అడిగితే తల అడ్డంగా ఊపుతారు. కాసేపటికి లాలాజలం ఊరుతుంది, పలుకులు కరుగుతాయి, కళ్లు మెరుస్తాయి. పేరు చెప్పాల్సిన క్షణం అదే: "తీపి! ఉమ్మిలో కరిగితేనే నాలుకకు అందుతుంది నాన్నా." బాగా నమిలి తినమని రోజూ చెబుతూనే ఉంటాం. ఎందుకు నమలాలో వాళ్లకు ఇక్కడ అర్థమవుతుంది.

ఇప్పుడు నాలుగు చిన్న గిన్నెలు పెట్టండి. పంచదార నీళ్లు, ఉప్పు నీళ్లు, నిమ్మరసం కలిపిన నీళ్లు, మెంతులు నానబెట్టిన నీళ్లు. చెంచా కొసతో ఒక్కో చుక్క చాలు, మధ్యలో మంచినీళ్లు పుక్కిలించాలి. మెంతుల నీళ్లు ఆఖరున ఇవ్వండి. ముందే చేదు తగిలితే మిగతా మూడింటికీ నోరు తెరవరు. "యాక్" అంటే కోప్పడకండి. "సరే, యాక్. పుల్లటి యాకా, చేదు యాకా?" అని రెండో ప్రశ్న వేయండి. బాగుంది, బాగోలేదు అనేవి ఇష్టాయిష్టాలు, రుచుల పేర్లు వేరు. ఈ తేడా పట్టుబడిన రోజు సగం పాఠం అయిపోయినట్టే.

శాస్త్రం ఐదో రుచిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే ఆచార్యుడు సముద్రపు నాచుతో చేసిన చారు అంత కమ్మగా ఎందుకుందని వెతికి, దానికి కారణం గ్లూటమేట్ అనే పదార్థం అని తేల్చి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. బాగా పండిన టమాటాలో, పుట్టగొడుగుల్లో అది దొరుకుతుంది. ఐదేళ్లలోపు పిల్లలకు ఇది వద్దు, నాలుగు రుచులు కుదురుకోనివ్వండి.

ఇక్కడే మన ఇళ్లలో ఒక ప్రశ్న వస్తుంది: "ఉగాది పచ్చడిలో ఆరు రుచులు అన్నావు కదమ్మా, మరి కారం ఏది?" తప్పించుకోకండి, ఇది మంచి ప్రశ్న. మన పెద్దలు నోటికి తెలిసేవన్నీ లెక్కపెట్టి షడ్రుచులు అన్నారు. శరీరశాస్త్రం మాత్రం రుచి మొగ్గలు పట్టుకునేవాటినే రుచులు అంటుంది. కారం మొగ్గల పని కాదు. మిరపకాయలోని క్యాప్సైసిన్ అనే పదార్థం వేడినీ మంటనూ పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది. ఆ నరాల్లో క్యాప్సైసిన్‌ను పట్టుకునే భాగాన్ని, అంటే గ్రాహకాన్ని, డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త బృందం 1997లో గుర్తించింది, ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. పిల్లలకు ఇవేవీ అక్కర్లేదు, ఇలా అడగండి: "పచ్చిమిర్చి కోసిన చెయ్యి కంట్లో పెట్టుకుంటే ఏమవుతుంది?" మంట! "మరి కంట్లో రుచి మొగ్గలు ఉన్నాయా?" వాళ్లే ఆలోచించి చెబుతారు. (ఇది మాటలతోనే, చేసి చూపించవద్దు.) చిలుక పండు మిరపకాయను హాయిగా కొరుక్కు తినడం చూసిన పిల్లలుంటే ఇంకా మంచిది. పక్షుల్లో ఆ గ్రాహకానికి క్యాప్సైసిన్ తగలదు. నోరు మండితే మాత్రం నీళ్ల కన్నా పాలు, పెరుగు మేలు.

వగరు కూడా ఇలాంటిదే. పచ్చి అరటికాయ ముక్కో, నేరేడు పండో కొరికించి, నాలుకను అంగిలికి రుద్దమనండి. గరుగ్గా, పట్టేసినట్టు ఉంటుంది. అందులోని టానిన్లు అనే పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుని జారుడుతనాన్ని పోగొడతాయి. అంటే వగరులో ఎక్కువ భాగం స్పర్శే, దాని సంగతి వచ్చే పాఠంలో. ఉసిరికాయల కాలమైతే ఒక ముక్క నమిలించి వెంటనే మంచినీళ్లు తాగించండి. "నీళ్లు తియ్యగా ఉన్నాయి!" అని ఇల్లంతా తిరిగి చెబుతారు. ఎవరూ పంచదార వేయలేదని వాళ్లకూ తెలుసు, అందుకే అంత ఆశ్చర్యం.

ఇక ముక్కు. చిటికెడు పంచదారలో కాస్త యాలకుల పొడి కలపండి. బిడ్డ ముక్కు మూసుకుని నాలుక మీద వేసుకోవాలి. ఉత్త తీపి. ముక్కు వదలగానే యాలకుల ఘుమఘుమ! నోట్లోని వాసన గొంతు వెనక దారిలో ముక్కుకు ఎక్కుతుందని అప్పుడు చెప్పండి. జలుబు చేస్తే కూర ఎందుకు చప్పబడుతుందో విడిగా చెప్పనవసరం లేదు. ముక్కు మూసి గట్టి పదార్థాలు, పల్లీలు, బటానీలు మాత్రం పెట్టవద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

నాలుక కొసన తీపి, వెనక చేదు అని రంగులు వేసిన బొమ్మ కొన్ని చార్టుల్లో ఇంకా కనిపిస్తోంది. 1901లో జర్మనీలో హేనిగ్ అనే శాస్త్రవేత్త కొలిచి చూపినవి చాలా స్వల్పమైన తేడాలు. తర్వాతివాళ్లు వాటిని తప్పుగా చదివి, సరిహద్దులు గీసేశారు. మొగ్గలున్న చోటల్లా అన్ని రుచులూ తెలుస్తాయి. బిడ్డ ఆ బొమ్మ తెస్తే వాదన పెట్టుకోకండి, ఉప్పునీటి చుక్క కొసనా పక్కనా వేసి వాళ్లనే తేల్చుకోనివ్వండి.

కాకరకాయ గురించి ఒక మాట. పెద్దలకన్నా పిల్లలకు చేదు గట్టిగా తగులుతుంది. విషం ఉన్న మొక్కలు చాలా మటుకు చేదుగానే ఉంటాయి కాబట్టి పసి శరీరం వెనకాడుతుంది. అది మొండితనం కాదు. దయచేసి ముక్కు మూసి, నోట్లో కుక్కకండి. గోరంత ముక్క కంచంలో ఓ పక్కన పెట్టి వదిలేయండి, కొన్ని రోజులాగి మళ్లీ పెట్టండి. పది పదిహేనుసార్లు రుచి చూశాక అలవాటుపడే పిల్లలు చాలామంది ఉంటారు.

ఈ వారం అభ్యాసం: రోజూ ఒక పూట భోజనంలో "బాగుందా?" అనే ప్రశ్న మానేసి, "ఇందులో ఏమేం రుచులు దొరికాయి?" అని అడగండి. పులిహోరతో మొదలుపెడితే సులువు. వచ్చే పాఠం చర్మం గురించి. దానికి ఒక గరుకు కాగితం, కొంచెం దూది, మూడు గిన్నెల్లో చల్లని, గోరువెచ్చని, మామూలు నీళ్లు సిద్ధంగా ఉంచుకోండి.