మహిళా కమిషన్ వార్షిక ప్రణాళిక గురి తప్పుతోందా? ముందు పిటిషన్ల కట్ట విప్పండి

జిల్లా నుంచి మహిళా కమిషన్‌కు వార్షిక ప్రణాళిక తయారుచేసి పంపే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పిటిషన్ ఎలా తీసుకోవాలో, రిజిస్టర్‌లో ఎలా ఎక్కించాలో మీకు తెలుసు కాబట్టి ఆ జోలికి పోను. నెల్లూరు, ఒంగోలు వైపు ఈ పని చాలా ఏళ్లు చేశాను. ప్రణాళిక తేడా కొట్టిందని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒకటే: పిటిషన్ల కట్ట విప్పారా?

చాలామంది విప్పరు. ఎక్సెల్‌లో మొత్తాలు చూస్తారు, పోయినేటి కాగితంలో సంవత్సరం మారుస్తారు, పంపేస్తారు. కనీసం ఇరవై పిటిషన్లు మొదటి నుంచి చివరిదాకా చదవకుండా ప్రణాళిక మొదలుపెట్టకండి. ఒక పూట పని అది. ఆ పూట మిగుల్చుకోబోయి ఏడాది పోగొట్టుకున్న వాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది.

సమస్య: ఆమోదం వచ్చింది, సగం పనులు మాత్రం కదలడం లేదు

ప్రతి పని పక్కన "ఇది ఎవరు చేయాలి?" అని రాసుకుంటూ పోండి, కారణం అక్కడే దొరుకుతుంది. కమిషన్ విచారణ చేయగలదు, మనుషుల్ని పిలిపించగలదు, ప్రభుత్వానికి సిఫార్సు చేయగలదు. బస్టాండులో లైట్లు వేయించడం, హాస్టల్‌కు ప్రహరీ కట్టించడం వేరే శాఖల పని, వేరే శాఖల డబ్బు. అలాంటివి "సిఫార్సులు" అనే శీర్షిక కిందకు మార్చండి. ఏ శాఖలో ఏ హోదా ఉన్న అధికారికి, ఏ నెలలో ఉత్తరం వెళ్లాలో కూడా రాయండి.

సమస్య: లెక్కలు ఒకదానితో ఒకటి కలవడం లేదు

పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం కింద కమిటీలు ఇచ్చే నివేదిక క్యాలెండర్ సంవత్సరానిది. బడ్జెట్ ఏప్రిల్ నుంచి మార్చి దాకా. రెండూ నెలవారీగా విడగొట్టి పెట్టుకుంటే కలుస్తాయి.

ఇంకోటి, పాత సంవత్సరాలతో జిల్లా మొత్తాలు పోల్చకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది, అద్దంకి, చీరాల బాపట్లలోకి పోయాయి, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది. గీతలు జరిగితే అంకెలూ జరుగుతాయి. మండలాల వారీగా రాసుకుంటే ఈ బాధ ఉండదు.

సమస్య: సభలకు ఆడవాళ్లు రావడం లేదు

పగలు పదకొండు గంటలకు పెడితే ఎవరొస్తారు? ఆ టైముకి పొగాకు గ్రేడింగ్ షెడ్డులో ఆకు విడదీస్తూనో, నాట్లలోనో ఉంటారు. షెడ్డు దగ్గరికే వెళ్లి, వాళ్లు అన్నం తినే వేళ అరగంట అడగండి. నవంబరులో మన తీరానికి వానలూ వాయుగుండాలూ మామూలే కాబట్టి పెద్ద సభలు ఆ నెలలో పెట్టకండి. అన్నీ మార్చి 8 చుట్టూ కుక్కకండి.

సమస్య: కేసులు ఎక్కువున్న మండలమని ఏడాదంతా అక్కడే పనిచేశాం, ఏ మార్పూ లేదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే.

ఒక ఏడాది రిజిస్టర్ చూసి, కలిగిరి వైపు కొన్ని ఊళ్ల పేర్లు పదేపదే కనిపిస్తున్నాయని అక్కడే సభలు పెట్టాం, కౌన్సెలర్లనూ అక్కడికే పంపాం. ఆ ఊళ్లలో ఒకదాంట్లో సభ అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చి నిలబడింది. "మీరు చెప్పేది బాగుందమ్మా. అయితే నా బిడ్డని కొట్టేవాడు ఈడ లేడు గదా!" అంది.

మర్నాడు కట్ట విప్పి కూర్చున్నాను. పిటిషన్ మొదట్లో, అమ్మాయి పేరు కింద ఒక ఊరు ఉంటుంది. అది పుట్టిల్లు. కిందికి పోతే, మూడో పేరాలోనో నాలుగో పేరాలోనో, పెళ్లయ్యాక కాపురానికి వెళ్లిన ఊరు వస్తుంది. దెబ్బలు తిన్నది అక్కడ. మా రిజిస్టర్‌లో "ఊరు" అని ఒకే గడి. రాసే మనిషి పైన కనిపించిన పేరు ఎక్కించి తర్వాతి కాగితం తీస్తాడు. అతని తప్పేం లేదు, ఆ గడి అడిగింది అంతే. మేం ఏడాదంతా పుట్టిళ్లకు వెళ్లి, కూతుళ్లను పోగొట్టుకుంటామేమోనని భయపడుతున్న తల్లులకు, కొట్టడం నేరమని చెప్పి వచ్చాం.

ఇలా జరగడం సహజం. భర్త కొడితే పిల్లల్ని తీసుకుని అమ్మ దగ్గరికే వస్తుంది, పిటిషన్ కూడా అక్కడి నుంచే పెడుతుంది. చట్టం కూడా ఆ వీలు కల్పించింది. 2005 గృహహింస చట్టం ప్రకారం తాత్కాలికంగా ఉంటున్న చోటి కోర్టుకైనా వెళ్లొచ్చు. భర్త, అత్తమామల క్రూరత్వం మీద పుట్టింటి నుంచి కేసు పెట్టొచ్చని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ వీలు ఉండి తీరాలి. మారాల్సింది మన లెక్క. అత్తగారి ఊరున్న మండలం మన పట్టికలో సున్నా కేసులతో కనిపిస్తుంది. అక్కడికి ఎవరూ వెళ్లరు. ఆ వీధిలోనే దెబ్బలు తింటూ, వెళ్లడానికి పుట్టిల్లు లేని ఇంకో కోడలు అలాగే ఉండిపోతుంది.

ఏం చేయాలంటే, ఒక గడిని మూడు చేయండి: ఇప్పుడు ఉంటున్న ఊరు, ఘటన జరిగిన ఊరు, పిటిషన్ తీసుకున్న చోటు. తీసుకునేటప్పుడే "ఇది అమ్మగారి ఊరా, అత్తగారి ఊరా?" అని అడగమనండి. పాత పిటిషన్లలో గృహహింస, కట్నం, వదిలేసిన కేసులు తీసి, ఘటన ఊరు పెన్సిల్‌తో పక్కన రాయండి. రక్షణ అధికారి (గృహహింస చట్టం కింద నియమించే ప్రొటెక్షన్ ఆఫీసర్) రాసిన గృహహింస నివేదిక ఉంటే ఇంకా సులువు. ఆ ఫారం 1లో ఘటన జరిగిన తేదీ, స్థలం, సమయం రాసే గడి ముందే ఉంది.

కాపురం బెంగళూరులోనో చెన్నైలోనో అయితే విడిగా లెక్కపెట్టండి. కనిగిరిలో ఎన్ని సభలు పెట్టినా వాళ్లకు ఉపయోగం లేదు. అక్కడి రాష్ట్ర కమిషన్‌కు రాయడం, వచ్చిన జవాబు వెంటపడి తెలుసుకోవడం మీ ప్రణాళికలో ఒక పనిగా ఉండాలి.

తిరగ లెక్కిస్తే పట్టిక తలకిందులవుతుంది. "పోయినేడు ఇలా చెప్పలేదే" అని పైవాళ్లు అడుగుతారు. టెన్షన్ పడకండి. పాత పట్టిక, కొత్త పట్టిక పక్కపక్కన పెట్టి కారణం రాయండి. అయితే ప్రణాళికలో మండలం పేరు వరకే ఆపండి. చిన్న ఊరి పేరు రాస్తే ఆ అమ్మాయి ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

చోటు సరిగ్గా పట్టుకోవడం ఎంత ముఖ్యమో మన జిల్లాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అమ్మే చోటికే వెళ్లి నిలబడ్డారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

మిగతావి

ఎన్నికల కోడ్ వచ్చిందా, సభలు వాయిదా వేయండి. పోర్టల్ పనిచేయలేదా, కాగితం మీద పంపి రసీదు తీసుకోండి. కమిషన్‌లో పదవులు ఖాళీగా ఉన్నాయా, కార్యదర్శి పేరు మీద పంపండి. వీటి మీద నెట్టేసే ముందు కట్ట ఒకసారి విప్పి చూడండి.