అద్దె ఇల్లా, రాయితీ ఇల్లా: అనంతపురంలో లెక్క వేసుకునే తీరు

ముందుగా, ప్రస్తుతం చెల్లిస్తున్న అద్దెను పన్నెండుతో హెచ్చించి, అడ్వాన్సుపై బ్యాంకులో రాగల వడ్డీని దానికి కలపండి. మీ అసలు వార్షిక అద్దె అదే. ఇల్లు కొంటే ఏడాదికి కట్టాల్సిన రుణ కంతులతో దీన్ని పోల్చండి.

తరువాత రాయితీని చూడండి. 2024లో ప్రారంభమైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండవ దశలో, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని, ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు గృహరుణంలో మొదటి 8 లక్షలపై 4 శాతం వడ్డీ రాయితీ ఉంది. గరిష్ఠంగా 1.80 లక్షలు ఐదు వార్షిక వాయిదాల్లో వస్తాయి కనుక, నెలకు మూడు వేలు తగ్గినట్లు భావించవచ్చు, కానీ ఆ ఐదేళ్లకే. ఆరవ ఏడు కంతు మీ జీతానికి అందుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఊరిలో స్థలాలు తక్కువగా ఉన్నప్పుడు రాయితీలో కొంత భాగం ధర పెరుగుదల రూపంలో అమ్మకందారుకే చేరుతుంది. అందువల్ల రాయితీ వర్తించే ఇంటి ధరను, అదే వీధిలో వర్తించని ఇంటి ధరతో పోల్చి బేరమాడండి.

అద్దె నియంత్రణ చట్టాన్ని నమ్ముకుని అద్దెకే ఉండిపోదామనుకుంటే జాగ్రత్త. అద్దెను బిగించిన చోట పాత కిరాయిదారు లాభపడినా, యజమానులు మరమ్మతులు మానేస్తారు, కొత్త గదులు కట్టరు. అద్దె ఒప్పందాలకు పదకొండు నెలల పత్రాలు వాడుకలో ఉన్నాయి. పెంపు ఎంతో అందులోనే రాయించుకోండి.